డిస్‌ప్లే పీసు

ఉప్పల్ తాసీల్దారు ఆఫీసు పక్క గల్లీలో ఎవడైనా రాహేలు ఎవరో తెలియదన్నాడంటే, వాడు బతుకులో ఇంకా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదన్నమాట. ముప్పై నాలుగేళ్లుగా ఆమె ఆ గల్లీలోనే ఒక జిరాక్సు షాపులో టైపు కొడుతోంది. ప్లాటు అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, పదో తరగతి మెమోలో పేరు తప్పుపడినవాళ్లు, మొగుడితో పడనివాళ్లు, అందరూ ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుని గోడు చెప్పుకున్నవాళ్లే. వాళ్లు నోటితో చెబుతుంటే ఆమె వేళ్లతో కొట్టుకుపోతుంది. మధ్యలో ఎవరైనా ఏడిస్తే ఆగుతుంది. ముక్కు చీదుకోవడం అయ్యాక మళ్లీ అందుకుంటుంది. ఏడుపు అఫిడవిట్‌లోకి రాదు.

ఆమెకు టైపు నేర్పింది హబ్సిగూడలో శారద టీచరు. ఆవిడ పద్ధతి ఒకటే. పిల్ల మిషను ముందు కూర్చోగానే చేతుల మీద జేబురుమాలు కప్పేది. రుమాలు జారితే వేళ్ల కణుపుల మీద స్కేలు పడేది. "చూసి కొట్టేది టైపిస్టు కాదే, కోడి. గింజ గింజా ఏరుకుంటది," అనేది. ఆ స్కేలు దెబ్బల పుణ్యమా అని రాహేలు ఇన్నేళ్లలో కొత్త మిషను ఎప్పుడు ముట్టుకున్నా ముందు చేతుల మీద రుమాలు కప్పుకుంటుంది, కళ్లు మూసుకుంటుంది, ఒక పేజీ కొడుతుంది. తప్పుల్లేకుండా వస్తేనే ఆ మిషను మంచిది. రాకపోతే తప్పు మిషనుదే. ఈ విషయంలో ఆమెతో వాదించి గెలిచినవాడు లేడు.

మార్చిలో కంటి డాక్టరు ఆమెకు ఒక మాట చెప్పాడు. కంటి వెనక నరం ఎండిపోతోందట. ఎడమది సగం పోయింది. కుడిది ఏడాది ఉంటుంది, మందులు సరిగ్గా వేసుకుంటే ఏడాదిన్నర. రాహేలు సరే సార్ అని లేచి, బయట చెరుకురసం తాగి, ఆటో ఎక్కి నాచారం వచ్చి, చింతకాయ పచ్చడి నూరింది. మొగుడికి చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. పీటరు మంచివాడు. అదే చిక్కు. చెప్పిన మరుక్షణం ఆమె చేతిలోంచి గరిటె లాక్కుంటాడు, షాపు మానిపిస్తాడు, కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతాడు. ఆదివారం చర్చి సంఘమంతా ఇంటికొచ్చి చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తుంది. పాపం రాహేలక్క అంటుంది. చీకటి కంటే ఆ కుర్చీ అంటేనే రాహేలుకు ఎక్కువ భయం వేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని పొద్దంతా కూర్చోవడం ఆమె వల్ల కాదు.

అందుకని లెక్క వేసుకుంది. షాపులో కంప్యూటరు ముసలిదైపోయింది, కీలన్నీ అరిగి నున్నగా అయ్యాయి, వేలికి ఏమీ తగలదు. సొంతంగా ఒక కొత్తది కొనుక్కుని, చూపున్న ఏడాదీ దాన్ని వేళ్లకు అలవాటు చేసుకుంటే, తర్వాత జనం చెబుతుంటే చూడకుండానే కొట్టొచ్చు. ఇంట్లో కూర్చునైనా కొట్టొచ్చు. ఒక్కటే మిగిలిపోయింది. కొట్టడానికి వేళ్లు చాలు గానీ, తప్పులు చూడటానికి కళ్లు కావాలి. దానికి మాత్రం ఆమెకు ఇంకా దారి దొరకలేదు.

"షాపుల మిషను మొరాయిస్తుంది. ఇంటికి ఒకటి తెచ్చుకుంటె మంచిగుంటది," అంది పీటరుతో.

"నేనూ వస్త. మిషన్ల సంగతి నీకేం తెల్సు," అన్నాడు పీటరు.

మల్లాపూర్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసి పోయిన ఏడాదే రిటైరయ్యాడు. లేతు తెలిసినవాడికి లోకంలో మిషన్లన్నీ తెలిసినట్టేనని ఆయన నమ్మకం. ఆయనకు ఇంకో నియమం కూడా ఉంది. ఏ షాపులోనూ బయట పెట్టిన వస్తువు కొనడు. ఫ్యానైనా, కుక్కరైనా, బనీనైనా పదిమంది పిసికిన డిస్‌ప్లే పీసు వద్దు, లోపలి నుంచి సీలున్నది తెమ్మంటాడు. ఒకసారి పుచ్చకాయల బండి దగ్గర కూడా కింది వరసలోది తీయమని పావుగంట నిలబడ్డాడు.

హబ్సిగూడలో మెట్రో స్టేషను దాటాక ఉన్న కంప్యూటర్ షాపుకు ఇద్దరూ శనివారం పొద్దున వెళ్లారు. లోపల బల్లల మీద ల్యాప్‌టాపులు వరసగా మూతలు తెరుచుకుని ఉన్నాయి. తేజేష్ అనే సేల్స్ కుర్రాడు ఎదురొచ్చాడు. కాకినాడ వైపువాడు. మాట నెయ్యి రాసినట్టుంటుంది.

"దీని డిస్‌ప్లే చూడండి మేడమ్. రంగులు ఎలా ఉన్నాయో. మీరు సినిమా చూస్తే హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది."

"డిస్‌ప్లే సంగతి వద్దు. మీటలు సూపియ్యి," అంది రాహేలు.

తేజేష్ ఇంకా పెద్ద తెర ఉన్నది చూపించాడు. ఆమె దాని తెర వంక చూడకుండా చూపుడు వేళ్లతో కీల మధ్య తడిమింది. ఎడమ వేలి కింద ఒకటి, కుడి వేలి కింద ఒకటి, రెండు కీల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. చేతులు ఎక్కడున్నాయో చెప్పేవి అవే. దీని మీద అవి ఉన్నట్టే లేవు. పక్కదాని మీద ఉన్నాయి గానీ కీలు మెత్తగా, అట్టు మీద వేలు పెట్టినట్టు దిగిపోతున్నాయి. ఈలోగా పీటరు ఇంకోదాన్ని తిరగేసి కింద స్క్రూలు లెక్కపెట్టాడు. పది ఉన్నాయి. తృప్తిపడి తల ఆడించాడు.

నాలుగో మిషను దగ్గర రాహేలు వేళ్లు ఆగాయి. గీతలు గట్టిగా తగిలాయి. కీ నొక్కితే దిగింది, వదిలితే లేచింది.

"దీంట్ల తెలుగు పెట్టు బిడ్డా," అంది.

తేజేష్ చాలాసేపు వెతికాడు. తెలుగు అడిగినవాళ్లు ఆ షాపుకు ఇంతవరకూ రాలేదట. చివరికి ఎక్కడ ఏది నొక్కాలో ఆమే చెప్పింది. "కీల మీద ఇంగ్లీషే ఉంటుంది కదా మేడమ్, మీకెలా తెలుస్తుంది?" అన్నాడు. "అందుకే సూడొద్దు," అంది రాహేలు. చేతిసంచీలోంచి రుమాలు తీసి చేతుల మీద కప్పుకుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్లు మూసుకుంది.

తేజేష్ అది ప్రార్థన అనుకున్నాడు. ఆ షాపులో బిల్లు కట్టకముందే పసుపు బొట్టు పెట్టినవాళ్లను చూశాడు, నిమ్మకాయ తెచ్చినవాళ్లను చూశాడు. కనుక ఆశ్చర్యపోకుండా చేతులు కట్టుకుని తల వంచాడు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆయన టోపీ తీశాడు. తనకు చెప్పకుండా ప్రార్థన మొదలైందేమిటా అని పీటరు ఒక క్షణం చూసి, పెళ్లాం వేళ్లు ఆడుతుండటం కనిపించి ఊరుకున్నాడు.

రాహేలు రోజూ కొట్టేదే మొదలుపెట్టింది. నేను, ఫలానా, భర్త ఫలానా, వయస్సు, వృత్తి, నివాసం, ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా. అక్కడిదాకా వేళ్లు వాటంతటవే పోయాయి. 'ఏమనగా' దగ్గర ఎప్పుడూ స్టూలు మీదివాళ్లు మొదలుపెడతారు. ఇవాళ పక్కన స్టూలు లేదు. గోడు చెప్పేవాళ్లు లేరు. ఆమె వేళ్లు కాసేపు ఆ రెండు గీతల మీద ఆగాయి. తర్వాత కదిలాయి. ఈసారి తొందర లేకుండా, పేజీ నిండేదాకా కొట్టింది.

"తప్పులున్నయేమో సూడయ్యా," అంది. కళ్లు తెరవలేదు.

పీటరు చదువు బైబిలు మీద నేర్చుకున్న చదువు. పంక్తి కింద వేలు పెట్టుకుని, పైకి చదివితేనే ఆయనకు అర్థమవుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని తెర మీద వేలు ఆనించాడు. పేజీ సర్రున కిందికి జారిపోయింది.

"టచ్ స్క్రీన్ సార్," అన్నాడు తేజేష్ గర్వంగా. పేజీని వెనక్కి తెచ్చి పెట్టాడు. బేరం కుదిరిందని గ్రహించి, సీలున్న పెట్టె తేవడానికి లోపలికి వెళ్లాడు.

పీటరు ఈసారి వేలు గాలిలో ఉంచి చదివాడు. "నేను, రాహేలు, భర్త పేరు పీటరు, వయస్సు యాభై ఏడు సంవత్సరములు, వృత్తి టైపిస్టు, నివాసం నాచారం, ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా. ఒకటి. నేను సదరు పీటరు గారితో ముప్పై ఒక్క సంవత్సరములుగా కాపురము చేయుచున్నాను." అది నిజమే కనుక ఆగకుండా ముందుకు పోయాడు. "రెండు. నా రెండు కండ్ల చూపు పోవుచున్నదని, ఏడాది లేక ఏడాదిన్నరలో పూర్తిగా పోవునని, మార్చి నెలలో డాక్టరు గారు."

అక్కడితో పైకి చదవడం ఆపేశాడు. జీవితంలో మొదటిసారి పీటరు మనసులో చదువుకున్నాడు. పెదాలు మాత్రం కదిలాయి.

మూడు. సదరు విషయమును పీటరు గారికి చెప్పక, ఎవరి బలవంతము లేక, నా ఇష్టపూర్వకముగా దాచినాను. నాలుగు. నాకు ఊరికే కుర్చీలో కూర్చొనుట ఇష్టము లేదు. ఐదు. కావున ఇకమీదట నేను కొట్టిన కాగితములను సదరు పీటరు గారు చదివి తప్పులు చెప్పవలసినదిగా కోరుచున్నాను. సాక్షి.

సాక్షి అన్న మాట పక్కన ఖాళీ ఉంది.

తిడతాడో, ఏడుస్తాడో, అందరి ముందూ మోకాళ్ల మీద పడతాడో రాహేలుకు తెలియలేదు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయన తర్వాతి మాట ఏమిటో ఊహించలేకపోవడం ఇదే మొదలు.

"మార్చిల దవాఖానాకు ఒక్కదానివే పోయినవా?" అన్నాడు పీటరు.

"పోయిన."

"ఒక్కదానివే వచ్చినవా?"

"ఆటోల వచ్చిన."

పీటరు ఆమె చేతుల మీది రుమాలు తీసుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. చేసే క్రమం అది కాదు గానీ ఆయన అలాగే చేశాడు. తర్వాత తెర దగ్గరికి వంగి, లేతు మీద కమ్మీ కొలిచేటప్పుడు వంగినట్టే వంగి, మొదటి నుంచి మళ్లీ చదివాడు. నెమ్మదిగా, ఒక్కో అక్షరమూ.

"తప్పుల్లేవ్," అన్నాడు. "కింద సాక్షి అని పెట్టి ఊకున్నవ్."

"సాక్షి ఎవరూ లేరు గద."

"నా పేరు కొట్టు."

చేతుల మీద ఇప్పుడు రుమాలు లేదు. అయినా ఆమె కళ్లు తెరవకుండానే కొట్టింది. పీటరు వేలు గాలిలో పెట్టి చదివాడు. పీ. ట. రు. సరిపోయింది.

తేజేష్ అట్టపెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇదిగోండి సార్, సీల్ కూడా తియ్యలేదు. ఎవరూ ముట్టుకోని పీసు."

పీటరు ఆ పెట్టె వంక చూడలేదు. తెరిచి ఉన్న ల్యాప్‌టాపు మీద చెయ్యి వేశాడు.

"ఇదియ్యి," అన్నాడు.

"అది డిస్‌ప్లే పీసు సార్. రోజుకు వందమంది నొక్కుతారు. ఎవరూ తీసుకోరు."

"నేను తీస్కుంట."

తేజేష్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా కస్టమరు కస్టమరే. "సరే సార్. అయితే అందులో ఉన్నదంతా తుడిచేసి ఇస్తాను, ఒక్క నిమిషం," అని చెయ్యి చాపాడు.

పీటరు ఆ చేతిని పట్టుకుని పక్కకు జరిపాడు.

"ఏం తుడవకు బిడ్డా," అన్నాడు. "అందుల నా సాక్షి సంతకమున్నది."