అత్తమ్మ చేతిలో ఇటుకల ఆట

వీడియో గేమును కంటితో చూడకముందే నాకు నాలుగైదు గేములు చెవులతో తెలుసు.

సిద్దిపేటలో పాత బస్టాండు వెనక సందులో ఒకాయన షట్టరు గదిలో మూడు టీవీలు పెట్టి గేముల షాపు నడిపేవాడు. అక్కడికి మగపిల్లలే పోయేవారు. ఆడపిల్లలు పోవద్దని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అప్పుడు మా అన్న తొమ్మిదో తరగతి, నేను ఏడు. బడి వదలగానే అన్నా, వాడి దోస్తూ కలిసి ఆ షాపుకు పోయి అరగంట ఆడి, వచ్చి మా ఇంటి ముందు గద్దె మీద కూర్చునేవారు. ఆడిన అరగంట గురించి గంటసేపు చెప్పుకునేవారు.

ఆ దోస్తు మా గల్లీ చివర సైకిళ్లు బాగుచేసే ఆయన కొడుకు. ఆడడంలో వాడిని మించినవాడు లేడని అన్న అనేవాడు. నాకు మాత్రం వాడు చెప్పే తీరు ఇష్టం. చెబుతూ చెబుతూ లేచి నిలబడేవాడు.

"ఇయ్యాల నాలుగో స్టేజీల పోయిన రా. గాడ ఒక వంతెన ఉంటది. నువ్వు కాలు పెట్టంగనే వెనకనుంచి కూలుకుంట వస్తది. ఆగినవనుకో, ఖతం."

"ఎన్ని లైఫులు మిగిలె?"

"ఒక్కటే. గా ఒక్కదాంతోనే దాటిన."

నేను లెక్కల నోటుబుక్కు ఒళ్లో పెట్టుకొని వినేదాన్ని. ఆ వంతెన నా మనసులో కోమటిచెరువు కట్టంత పొడుగుండేది. దాని కింద ఎర్రటి మంటలు. దోస్తు మంటల మాట ఎత్తనే లేదు, నేనే పెట్టుకున్నాను.

వినేదాన్ని నేనొక్కదాన్నే కాదు. మా ఇంటికీ పక్కింటికీ నడుమ మోకాలెత్తు గోడ ఉండేది. గోడకు అటువైపు పక్కింటామె చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేది. చుట్టరికం ఏమీ లేకపోయినా మేము ఆమెను అత్తమ్మా అని పిలిచేవాళ్లం. నలభై దాటిన మనిషి. పదేళ్లప్పటి నుంచి చుడుతున్నానని చెప్పేది. మామ కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు, పొద్దున్నే పోయేవాడు. పగలంతా ఆమె, తునికాకు, తంబాకు, దారపు రీలు. గేముల ముచ్చట మొదలైతే గల్లీలో మిగతా పెద్దవాళ్లంతా "మీకు సదువు లేదార?" అనేవారు. అత్తమ్మ మాత్రం ప్రశ్నలు అడిగేది.

"ఆగు కొడుకా. ఆ వంతెన కూలుతదని ఆనికి ముందుగాల తెలుసా, తెల్వదా?"

"ఆనికేం తెలుస్తది పెద్దమ్మా, బొమ్మ గద. ఆడేటోనికి తెల్వాలె," అన్నాడు దోస్తు.

"మరి నీకెట్ల తెలిసింది?"

"మూడుసార్లు పడ్డంక తెలిసింది."

అత్తమ్మ నవ్వింది. "మూడుసార్లు సచ్చి నేర్సుకునుడా! మంచిగనే ఉంది ఈ కథ."

ఆ ఎండాకాలం బాపు ఒక గేము తెచ్చాడు. మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. సరుకు కోసం హైదరాబాదు పోయినవాడు అరచేతిలో పట్టే బూడిదరంగు డబ్బా ఒకటి తెచ్చి అన్నకూ నాకూ కలిపి ఇచ్చాడు. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే కుయ్ కుయ్ మని మోగేది. అద్దం మీద పైనుంచి ఇటుకల ముక్కలు ఒక్కొక్కటే పడతాయి. ఒకటి చదరంగా, ఒకటి పొడుగ్గా, కొన్ని వంకరగా ఉంటాయి. మీటలు నొక్కి వాటిని జరిపి, తిప్పి, సందు లేకుండా పేర్చాలి. ఒక వరస పూర్తిగా నిండితే మాయమవుతుంది. సందులు మిగిలి, పేర్చింది పైకప్పును తాకితే ఆట ముగిసినట్టే. పోనుపోను ముక్కలు పడే వేగం పెరుగుతుంది.

అన్నా నేనూ వంతులు వేసుకున్నాం, కొట్టుకున్నాం, మళ్లీ వంతులు వేసుకున్నాం. మూడో రోజు అన్న గద్దె మీద కూర్చొని ఓడిపోతూ డబ్బాను తిడుతున్నాడు. అత్తమ్మ గోడమీదుగా కాసేపు చూసింది.

"నువ్వు పడేదాన్నే సూస్తున్నవు బిడ్డా. పక్కన చిన్నగ తర్వాత వచ్చేది ముందే సూపిస్తుంది గద. దాన్ని సూస్తలేవేంది?"

నిజమే. అద్దం పక్కన ఓ మూలకు తర్వాతి ముక్క బొమ్మ కనిపిస్తుంది. మేము దాన్ని పట్టించుకోనే లేదు.

"అది సూస్కుంట కూసుంటే ఇది పడిపోదా?" అన్నాడు అన్న విసుగ్గా.

"పడేదాని సంగతి చెయ్యి సూస్కుంటది. కండ్లు ముందట ఉండాలె."

అన్న డబ్బాను నా ఒళ్లో పడేసి లోపలికి పోయాడు. నేను దాన్ని గోడమీదుగా అత్తమ్మకు చాచాను. ఆమె వెంటనే తీసుకోలేదు. చాట పక్కన పెట్టి, లేచి, తంబాకు వాసన పోయేలా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొని, కొంగుతో తుడుచుకొని వచ్చింది.

"కరాబైతే మీ బాపు ఏమనడు గద?"

"ఏమనడు అత్తమ్మా."

మొదటి ఆట నిమిషంలో పోయింది. రెండోదీ అంతే. మూడోసారి పది వరసలు మాయం చేసింది. డబ్బా తిరిగిచ్చి, "రేపు జరసేపు ఇస్తవా?" అని అడిగింది. ఒక పెద్దమనిషి నన్ను అట్లా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ఆ తరువాత రోజూ మధ్యాహ్నం ఆకు నానబెట్టి పదినిమిషాలు ఆడేది. రెండు వారాలు తిరిగేసరికి, ముక్క పడడం నాకు కంటికి కూడా ఆనని వేగంలో ఆమె ఆడుతోంది. నేను ఆమె భుజం పక్కన కూర్చొని చూసేదాన్ని. ముఖంలో ఏ కంగారూ ఉండేది కాదు. బొటనవేళ్లు రెండే కదిలేవి, అవి కూడా కొంచెమే. ముక్క ఇంకా పైనుండగానే దాని జాగా ఆమె తేల్చేసి ఉండేది. మొదటి రోజే మోత ఆపించింది. "గా కూత బంద్ పెట్టు బిడ్డా, ఊకె తొందర పెడతది."

అప్పుడుగానీ ఆమె బీడీ చుట్టడం నేను సరిగ్గా చూడలేదు. చేతిలోని బీడీకి దారం చుడుతుండగానే కళ్లు తర్వాతి ఆకును ఏరి పెట్టుకునేవి. ఏళ్ల తరబడి గోడ పక్కనే జరుగుతున్న పని అది.

నాకూ నేర్పింది. నేను పొడుగు ముక్క కోసం ఒక పక్కన సందు వదిలి, అది రాక చచ్చేదాన్ని. "వస్తదని దానికోసం కూసోకు. వచ్చినదాన్ని సర్ది పెట్టు. అది వచ్చిననాడు జాగ దొరుకుతది," అనేది. నా ఆట మెరుగైంది. అన్నను దాటాను. అన్న అది ఒప్పుకోలేదు గానీ నాతో వంతుల కోసం కొట్లాడడం మానేశాడు.

ఈ సంగతి విని దోస్తు నమ్మలేదు. ఆదివారం వచ్చి పోటీ పడతానన్నాడు. తీరా ఆదివారం వస్తే అత్తమ్మ ఇంట్లో లేదు, మొక్కు తీర్చుకోవడానికి కొమురవెల్లి పోయింది. వాడు రెండుసార్లు వచ్చి తాళం చూసి పోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. అత్తమ్మ వాడిని గోడ దగ్గరికి పిలిచి నుదుట మల్లన్న బండారి పెట్టింది. పసుపు సరిగ్గా అంటిందో లేదో చూసి, "ఇగ ఆడు కొడుకా," అంది.

వాడు బాగా ఆడాడు, అంత బాగా ఆడినవాడిని నేను అప్పటిదాకా చూడలేదు. ఒక దశలో మూడు వరసలను ఒక్క దెబ్బకు మాయం చేస్తే అన్న ఈల వేశాడు. ఆట ముగిసి తలెత్తినప్పుడు ఇక గెలిచినట్టేనన్న ధీమా వాడి ముఖంలో కనబడింది.

అత్తమ్మ చేతులు కడుక్కొని వచ్చి కూర్చుంది. అన్న పక్కనుంచి స్కోరు చదువుతున్నాడు. కాసేపటికి దోస్తు స్కోరు దాటిపోయింది. అన్న గొంతు తగ్గింది, తరువాత చదవడమే మానేశాడు. దోస్తు గోడ దాటి వచ్చి ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు. వాడు అద్దం వైపు చూడడం లేదు, ఆమె వేళ్లను చూస్తున్నాడు. ఆట ముగిసేసరికి అత్తమ్మ డబ్బా నాకిచ్చి వేళ్లు విరుచుకుంది.

వాడు ఉడుక్కుంటాడనుకున్నాను. వాడు అడిగింది ఇది:

"పెద్దమ్మా, నువ్వు ఎడమ దిక్కు ఒక్కసారి గూడ సూడలే. గాడ ఏముందో నీకెట్ల తెలుస్తుంది?"

"నేను పెట్టిందే గద బిడ్డా, యాదికుంటది. గని నీ ఆట గూడ మస్తుగుంది. మూడు వరసలు ఒక్కపారి తీసినవు సూడు, గది నాతోని కాదు. అంత ఎత్తు పేరుసుడంటె నాకు భయం."

"భయమేంది పెద్దమ్మా, నువ్వా?"

ఇద్దరూ చాలాసేపు అట్లాగే మాట్లాడుకున్నారు. లేచేముందు వాడన్నాడు: "షాపుకు రా పెద్దమ్మా. గాడ టీవీల గిదే ఆట ఉంది. గా వంతెన గూడ సూద్దువు."

అత్తమ్మ నన్ను చూసింది. "నువ్వొస్తవా?"

మా అమ్మ ఒప్పుకోలేదు. "గా పోరగాండ్ల నడుమ ఏం పని వదినె?"

"బీడీలు ఇయ్యవోవుడు ఆ సందుల నుంచే గద వదినె. పిల్లను తోల్కపోత, తోల్కస్త," అంది అత్తమ్మ. అమ్మ ఇంకేదో అనబోయి ఆగింది. అత్తమ్మ ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు.

బీడీలు కార్ఖానాలో అప్పగించి, ఖాళీ గంపతోనే షాపులో అడుగుపెట్టాం. లోపల చీకటిగా, ఉక్కగా ఉంది. ఏడెనిమిది మంది పిల్లలు. షాపాయన స్టూలు మీద నుంచి లేచాడు.

"ఎవరి కోసం వచ్చినవక్కా?"

"ఆడనీకె వచ్చిన తమ్మీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముందే వచ్చి ఉన్న దోస్తు వాళ్లవైపు ఒక్క చూపు చూసి, స్టూలు తుడిచి ఆమెకు వేశాడు.

నిజం చెప్పాలంటే ఆ రోజు అత్తమ్మ ఇటుకల ఆటలో రెండుసార్లు తొందరగానే ఓడిపోయింది. అక్కడ మీటలు కావు, నిలువు కర్రలాంటి హ్యాండిలు. "డబ్బల అయితే ఏలు కిందనే ఇటుక ఉన్నట్టుంటది. ఇది యాడనో దూరంగ పడుతుంది," అంది. దోస్తు వేరే ఆట క్యాసెట్ పెట్టించాడు. ఉరికి దుంకే బొమ్మ. మూడు స్టేజీలు తానే ఆడి, నాలుగోదానిలో హ్యాండిలు ఆమెకిచ్చాడు. ఇన్నాళ్లూ నేను విన్న వంతెన.

అది టీవీలో జానెడు కూడా లేదు. కింద మంటలు లేవు, నల్లటి ఖాళీ మాత్రమే. ఒక్క క్షణం ఇంతేనా అనిపించింది. అత్తమ్మ బొమ్మ వంతెన మీద కాలు పెట్టింది, వెనకనుంచి పలకలు రాలడం మొదలైంది. ఆమె గట్టిగా "ఓయమ్మో!" అంది. గదిలో అందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు, నేనూ వంగాను. ఇంతేనా అన్న మాటే మరచిపోయాను. ఆమె పడింది. మళ్లీ పడింది. నాలుగోసారి దాటినప్పుడు ఇందాక నవ్వినవాడే చప్పట్లు కొట్టాడు.

తరువాత నాకు హ్యాండిలు ఇచ్చారు. చెమట చేతులతో పట్టుకున్నాను. వంతెన దాకా పోనే లేదు, మొదటి గుంతలోనే పడ్డాను. ఎంత సంతోషమైందో చెప్పలేను.

అట్లా ఆ ఎండాకాలమంతా, బీడీలు ఇచ్చే రోజుల్లో వారానికోసారి పోయాం. గద్దె మీది ముచ్చట్లలో ఇప్పుడు మా మాటలూ కలిశాయి. అత్తమ్మకు అన్నిటికన్నా నచ్చింది ట్యాంకుల ఆట. ఇద్దరు ఆడొచ్చు. కింద ఒక కోట ఉంటుంది, చుట్టూ ఇటుక గోడ. శత్రువుల ట్యాంకులు దాన్ని కూల్చకుండా కాయాలి. "గిది మంచాట. తోడు ఉంటది," అనేది.

వానలు మొదలయ్యేటప్పటికి షాపాయన షట్టరు దించేస్తున్నానని చెప్పాడు. కలిగినవాళ్లు ఇళ్లకే గేములు తెచ్చుకుంటున్నారు, పిల్లలు తగ్గారు. చివరి రోజు అన్నతో సహా అందరం పోయాం. ఆయన టైము చూసే గడియారాన్ని గోడకేసి తిప్పి పెట్టాడు. "ఇయ్యాల ఎంతసేపైనా ఆడున్రి అక్కా."

అత్తమ్మ, దోస్తు పక్కపక్కన కూర్చొని ట్యాంకుల ఆట మొదలుపెట్టారు. అత్తమ్మ కోట దగ్గర నిలబడింది, వాడు ముందుకు పోయాడు. "నీ కుడిదిక్కు వస్తుండు!" "సూసిన పెద్దమ్మా, నువ్వు కోట ఇడిచిపెట్టకు!" ఒక స్టేజీ, ఇంకో స్టేజీ, ఇంకోటి. మిగతా రెండు టీవీల దగ్గర ఆటలు ఆగిపోయాయి. ఎవరూ మునుపు చూడని స్టేజీలు వచ్చాయి. ఒకదానిలో నీళ్లు అడ్డమొచ్చాయి, ఇంకోదానిలో తెల్లటి మంచు మీద ట్యాంకులు జారాయి. "అరే, జారుతుంది!" అని అత్తమ్మ చిన్నపిల్లలా అరిచింది. కోట గోడలో ఒక్క ఇటుక మాత్రమే మిగిలినప్పుడు వాడు వెనక్కి పరుగెత్తుకొచ్చి కాపాడాడు.

కరెంటు పోయింది.

గది నల్లబడింది. పిల్లలంతా గొల్లుమన్నారు. చీకట్లోనుంచి షాపాయన గొంతు వినిపించింది: "మీరు ఓడలే అక్కా. మిమ్మల్ని ఓడగొట్టెటోడు గీడ ఎవడు లేడు."

బయట వాన వెలిసి ఎండ కాస్తోంది. అత్తమ్మ నడుం మీద గంప, దోస్తు చేతులు గాలిలో. పాత బస్టాండు దాటిందాకా ఇద్దరూ ఆగలేదు.

"గా మంచు మీద నువ్వు ఎనకకు తిప్పినవు సూడు పెద్దమ్మా, గది ఎట్ల?"

"తిప్పలే కొడుకా, జారింది! జారంగ జారంగ నాకు సమజైంది, ముందే ఆగాలని. నువ్వు చెప్పు, గా నీళ్ల పక్కన ఆన్ని ఎట్ల పసిగట్టినవు?"

"పసిగట్టలే. దడుచుకొని కాల్చిన!"

ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. నేను, అన్న వాళ్ల వెనక నడుస్తున్నాం. నేనూ ఆ ఆట మొత్తం చూశాను, నాకూ చెప్పాలని ఉంది. ఇంటిదాకా నాకు సందు దొరకలేదు.