నడుమూ తుంటీ తోడికోడళ్లు

నా చిన్నప్పుడు ద్రాక్షారామం దగ్గర మా పల్లెలో, తెల్లవారేసరికి కాలవ నుంచి మడినీళ్లు తేవడం మా అమ్మ వంతు. తడిబట్టతో తానే ముంచి, తానే ఎత్తుకుని రావాలి. దారిలో ఎవరూ తగలకూడదు, బిందెకు ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఆ నీళ్లతోనే మా నాయనమ్మ మహానివేదనకు వంట చేసేది.

ఒకనాడు అమ్మ నిండు బిందె చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, అప్పుడప్పుడే నడక నేర్చిన మా తమ్ముడు చేతులు చాచుకుని ఎదురు వెళ్లాడు. వాడు తగిలితే మడి పోతుందని అమ్మ పాదాలు కదపకుండా నడుమొక్కటే గిరుక్కున పక్కకు తిప్పింది. బిందె జారిపోయింది. అమ్మ గోడ పట్టుకుని, వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది.

తైలాలూ కాపడాలూ అయ్యాయి. కదిలితే ప్రాణం పోతోందని అమ్మ అసలు కదలడమే మానేసింది. ఇక లేవకపోతే పిల్లలిద్దరినీ అమ్మమ్మగారింటికి పంపెయ్యాలని పెద్దవాళ్లు అనుకోవడం నా చెవిన పడింది. మంచం కోడు పట్టుకుని నేను ఏడుస్తూంటే, వంటింట్లోంచి నాయనమ్మ మడితోనే వచ్చింది. వచ్చి అమ్మ తుంటిమీద రెండు చేతులూ ఆనించింది.

అమ్మ బెదిరిపోయింది. "అత్తయ్యగారూ, మడండీ."

"దేవుడికి తొందరేం లేదు. మళ్లీ స్నానం చేస్తాను. ముందు మోకాళ్లు ముడుచుకో అమ్మాయ్."

భుజమూ తుంటీ మోకాలూ ఒక్కసారే కదిలేలా అమ్మను మెల్లగా పక్కకు ఒత్తిగిలించి, కాళ్లు కిందికి జార్చి, కూర్చోబెట్టింది. మంచాన పడిన దగ్గర్నుంచి అమ్మ కూర్చోవడం అదే మొదలు.

నిలబడగలిగిన తర్వాత అసలు పాఠం మొదలైంది. మడిబట్టలు దండెం మీద ఆరేసే కర్రను మేం పిల్లలం ముట్టుకుంటే ఇల్లు ఎగిరిపోయేది. ఆ కర్రే తెచ్చి నా చేతికిచ్చి, అమ్మ వీపు వెంట నిలువుగా పట్టుకోమంది. తలకూ, వీపుకూ, వెన్ను చివరకూ అది ఆనాలి. అమ్మ అలవాటుకొద్దీ నడుము గుండ్రంగా చేసి వంగగానే కర్ర వెన్ను చివర వదిలేసి గాల్లోకి లేచింది. నాయనమ్మ తుంటి పట్టుకుని వెనక్కి లాగింది. మావగారు చూస్తారేమోనని అమ్మకు సిగ్గు.

"ఆయన పంచాంగంలో ఉన్నార్లే. నడుమూ తుంటీ తోడికోడళ్లమ్మాయ్. చాకిరంతా ఒకర్తి నెత్తిన పడేస్తే, అది మంచం ఎక్కకేం చేస్తుంది? ఇద్దర్నీ కలిపి వంచు. తిరగాల్సొస్తే పాదాలతో తిరుగు. మొహం తూర్పుకీ కాళ్లు పడమరకీ పెట్టకు."

అమ్మ నవ్వింది. నవ్వుతూ మళ్లీ వంగింది. ఈసారి మోకాళ్లు కాస్త సడలి, తుంటి వెనక్కి వెళ్లింది. కర్ర ఎక్కడా వీపును వదల్లేదు. నా చేతికి ఆ సంగతి తెలిసినప్పుడు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. మమ్మల్ని ఎక్కడికీ పంపరని అప్పుడే నమ్మకం కుదిరింది.

అమ్మ మళ్లీ కాలవకు వెళ్లిన రోజున నాయనమ్మ కూడా తడిబట్ట కట్టుకుని వెంట వెళ్లింది. బిందెను ఇద్దరూ చెరో పక్కా పట్టి ఎత్తారు. ఆనాటినుంచి మా ఇంట్లో మడినీళ్లు ఒక్కరే మొయ్యడం పోయింది.

ఇంత వయసు వచ్చినా, స్వామి దయవల్ల, నేలమీద పీట వేసుకుని దీపం వెలిగించి వంగి దణ్ణం పెట్టుకోగలుగుతున్నాను. వంగబోయే ముందు నా తుంటిని ఎవరో రెండు చేతులతో మెత్తగా వెనక్కి లాగినట్టు ఉంటుంది. మొదటి దణ్ణం ఆ చేతులకే పెట్టుకుంటాను. స్వామికి తర్వాత.