రోజ్‌మేరీ టీచర్ ఆడనివ్వని మ్యాచ్

పొద్దున ప్రాక్టీసుకు వెళ్లేసరికి మైదానంలో కొత్తగా గీతలు గీస్తున్నారు. తడి సున్నం వాసన తగలగానే బూట్లు వేసుకోకుండా బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాను. ముప్పై రెండేళ్లకు ఫుట్‌బాల్ వింగర్ కాళ్లలో మిగిలేది అలసటే. పక్క గీతను ఆనుకుని పరుగెత్తడమే మా పని. పదిసార్లు పరుగెత్తితే బంతి వచ్చేది ఒక్కసారి. ఆ పనిలో నన్ను పెట్టింది మంగళగిరిలో మా స్కూలు పీఈటీ రోజ్‌మేరీ టీచర్.

ఆవిడ విజయవాడ పటమట నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. మాది మగ్గం నేసే ఇల్లు. ఎనిమిదో తరగతిలో ఖోఖో ఆడుతున్న నన్ను పిలిచి, ఫుట్‌బాల్ జట్టులో కుడివైపు అంచున నిలబెట్టారు.

“ఇక్కడేం చెయ్యాలి టీచర్?”

“పరుగెత్తు.”

“బంతి ఇవ్వకపోతే?”

“ఇవ్వకపోయినా పరుగెత్తు. అవతలివాళ్లలో ఒకమ్మాయి నీ వెంట వస్తుంది కదా, మధ్యలో మనవాళ్లకి దారి దొరుకుద్ది.”

రెండేళ్లకు జిల్లా జట్టులో నాకు పేరొచ్చింది. రాష్ట్ర జట్టు ఎంపికకు వారం ముందు చీలమండ బెణికింది. ఎవరికీ చెప్పలేదు. పాత చీరపేలికతో బిగించి కట్టి, పైన మేజోడు వేసుకున్నాను. విజయవాడలో బస్సు దిగేటప్పుడు పక్కకు తిరిగి ఒక్కో మెట్టే దిగాను. కింద నిలబడ్డ టీచర్ చూశారు.

“కుడికాలి మీద నిలబడు,” అన్నారు.

నిలబడలేకపోయాను. ఆవిడ నేరుగా సెలెక్టర్ల బల్ల దగ్గరకు వెళ్లి నా పేరు కొట్టేయించారు. ఆ మ్యాచ్‌ను గ్యాలరీలో కూర్చుని చూశాను. నా చోట ఆడినమ్మాయి జట్టులోకి వెళ్లింది.

“నా బతుకు పాడుచేశారు,” అన్నాను, అందరి ముందూ.

“ఈ ఏడాది పాడుచేశాను. కాలు పాడవలేదు,” అన్నారు టీచర్. ఆ గొంతులో కోపం లేదు.

ఆ తర్వాత ఆరునెలలు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి మా ఇంటికి వచ్చేవారు. ఒంటికాలి మీద నిలబెట్టేవారు, మునివేళ్ల మీద లేవమనేవారు. చెప్పినవన్నీ చేసేదాన్ని, గోడవైపు తిరిగి. మా అమ్మ మగ్గం ఆపి, “దీనికింత పొగరేంటండీ! ఇక మీరు రావడం మానెయ్యండి,” అనేది.

“కాలు నా మాట వింటోంది కదమ్మా, చాలు,” అనేవారు టీచర్.

ఆ ఆరునెలలు గడిచాక, మరుసటేడు జట్టుకు ఎంపికయ్యాను. ఆ రోజు “టీచర్” అన్నాను, ఆవిడ “ఊఁ” అన్నారు. అంతటితో మళ్లీ మాటలు కలిశాయి. క్షమించమని అడగలేదు. అక్కడి నుంచి కోల్‌కతాలో ఒక క్లబ్బు, తర్వాత కేరళ, కొన్నాళ్లు ఇండియా జెర్సీ. నా మ్యాచ్ టీవీలో వస్తే ఆవిడ ఫోన్ చేసేవారు. గోల్ సంగతి ఎత్తేవారు కాదు. “కాలెలా ఉంది? నిద్ర పడుతోందా?” అంతే.

ఒకసారి సెలవుల్లో పటమట వెళ్తే, మేడమెట్లు పక్కకు తిరిగి దిగుతూ కనిపించారు. ఏమైందని అడిగాను.

“ఒకప్పుడు హాకీ ఆడేదాన్నిలే. ఒక్క మ్యాచ్ కోసం, నొప్పి తెలియకుండా మోకాలికి సూది వేయించుకున్నా. గెలిచాం కూడా. మళ్లీ ఆడలేదు.”

“ఆ రోజే నాకు చెప్పుండొచ్చుగా టీచర్?”

“చెబితే వినేదానివా?”

వినేదాన్ని కాదు.

పోయిన వర్షాకాలంలో ఆవిడ పోయారు. నేను మ్యాచ్ కోసం గోవాలో ఉన్నాను. పటమట చేరేసరికి నాలుగు రోజులైంది. వాళ్ల చెల్లెలు గ్రేస్ గారు టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. ప్రయాణపు బడలికో ఏమో, ఎన్నాళ్లనుంచో లోపల పెట్టుకున్నది బయటికొచ్చేసింది. “నా కాలు కోసం ఆదివారాలు మా ఇంటికొచ్చిన ఆ ఆరునెలలూ నేను టీచర్‌తో ఒక్క మాట కూడా మాట్లాడలేదండీ.”

గ్రేస్ గారు వింతగా చూశారు. “మాట్లాడకపోవడమేంటమ్మా? ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి నీ మాటలే చెప్పేది. ‘ఇవాళ సునీత నన్ను తెగ నవ్వించింది, అన్నం తిని వెళ్లమని ఒకటే గొడవ’ అని.”

టీ తాగేసి కప్పు కింద పెట్టాను.

ఎప్పుడు మానేస్తావని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. బహుశా ఈ సీజనే చివరిదేమో. వేసిన గోల్స్ చాలావరకు మరిచిపోయాను. దానికి బాధ లేదు. కానీ అన్ని ఆదివారాల్లో ఆవిడ మా ఇంట్లో ఒక్కపూటైనా అన్నం తిన్నారా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అమ్మనడిగితే తెలుస్తుంది. ఇంతవరకూ అడగలేకపోయాను.