లీకు లేని పైపు

పైపుల బాబాయి బిగించిన పైపు లీకవదు. ఈ మాట మొదట వీధిలోవాళ్ళు అన్నారు, తర్వాత ఆయన కూడా అనడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత ఇంకెవరికీ అనే అవకాశం ఇవ్వలేదు. ప్లంబరన్నాక ఆ మాత్రం గర్వం ఉండాలి, కాదనం. కానీ ఆయన ఇంట్లో బట్టలారేసుకునే దండెం పైపు, కర్టెన్ కడ్డీ పైపు, గొడుగులు పెట్టుకునేది పైపు. కూతురు చిన్నప్పుడు బడికి టెలిస్కోపు చేసుకెళ్ళాల్సి వస్తే అదీ పైపుతోనే చేసిచ్చాడు. అందులోంచి చందమామ కనబడలేదు గానీ, నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు.

అంతటి మహానుభావుడు ఒక పాత కారు కొన్నాడు. దానికున్న ఇనప చక్రాలు తన హోదాకు తగవని తళతళలాడే అల్లాయ్ చక్రాలు వేయించాడు. టైర్ల షాపతను పాపం ముందే చెప్పాడు.

"బాబాయ్, నీ పాత చక్రాల్లో గాలి కొలిచే సెన్సార్లున్నాయి. ఈ కొత్త చక్రాలకి అవి అమరవు. వేరేవి కొని లోపల బిగించాలి, బండి వాటిని గుర్తుపట్టేలా చెయ్యాలి. లేకపోతే స్టీరింగు ముందు హెచ్చరిక లైటు వెలుగుతూనే ఉంటుంది."

"గాలి సంగతి నాకు చెబుతున్నావా?" అన్నాడు బాబాయి. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళతో తప్ప గాలితో ఆయనకు పనే పడలేదు. ఆ ముక్క అనే ధైర్యం లేక షాపతను పాత సెన్సార్లు నాలుగూ కవర్లో వేసి చేతికిచ్చాడు.

లైటు వెలిగింది. బాబాయి దాన్ని చూడనట్టే తిరిగాడు. కూతురు మాత్రం తాళాలు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. తల్లిని పక్క ఊళ్ళో కళ్ళ డాక్టరు దగ్గరికి హైవే మీద తీసుకెళ్ళేది ఆ పిల్లే.

"ఆ లైటు ఆరేదాకా నేనీ బండి ముట్టుకోను నాన్నా. అమ్మ పక్కన కూర్చుంటుంది. ఏ చక్రంలో గాలి పోతోందో నాకు తెలియాలి."

న్యాయమైన కోరికే. సెన్సార్లు కొనేస్తే సరిపోయేది. కానీ మరి బుర్ర ఉన్నవాడికి అంత తేలిక దారి ఎలా తోస్తుంది? బాబాయి మూరెడు పైపు ముక్క కోశాడు, నాలుగు సెన్సార్లూ అందులో వేశాడు, రెండు వైపులా మూతలు అంటించాడు, ఒక మూతకు ట్యూబు వాల్వు బిగించి పంపుతో గాలి కొట్టాడు. ఆ పైపును డిక్కీలో స్టెప్నీ చక్రం కింద దాచాడు. కాస్త దూరం తిప్పేసరికి లైటు ఆరిపోయింది. స్క్రీను మీద నాలుగు చక్రాలకూ గాలి ముప్పై మూడు, ముప్పై మూడు అని చూపిస్తుంటే ఆయన మురిసి ముక్కలైపోయాడు.

"పెట్టించావా నాన్నా?" అంది కూతురు.

"సెన్సార్లు బండిలోనే ఉన్నాయమ్మా," అన్నాడు. చూశారా, ఒక్క అబద్ధమైనా ఆడలేదు! ఆ పిల్ల నమ్మి తాళాలు తీసుకుంది.

కొన్నాళ్ళకు బాబాయి ఒక మేడమీద ట్యాంకుకు పైపు బిగిస్తున్నాడు. కింద వీధిలో సొంత కారు వెళుతోంది. కొత్త చక్రాల అందం పైనుంచి ఎలా ఉంటుందో చూద్దామని పిట్టగోడ దగ్గరికొచ్చాడు. వెనక చక్రం టైరు నేలకు అణిగిపోయి కనబడింది. రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. కూతురు తలెత్తి చూసి, సంతోషంగా తనూ చెయ్యూపి, హైవే వైపు తిప్పింది.

ఫోను చేస్తే భార్య ఎత్తింది.

"బండి ఆపమనవే! వెనక చక్రంలో గాలి లేదు!"

"అన్నిట్లోనూ ముప్పై మూడుందట. మీ అమ్మాయి ఇప్పుడే చూసింది. ఆలస్యమైతే డాక్టరు వెళ్ళిపోతాడండీ."

బాబాయి నీళ్ళు నమిలాడు. నమిలే కొద్దీ బండి వేగం పెరుగుతున్న చప్పుడు ఫోనులో వినబడుతోంది. ఇక తప్పలేదు.

"ఆ గాలి చక్రాల్లోది కాదే! డిక్కీలో పైపులోది! నీకు దణ్ణం పెడతాను, ఆపమను!"

అవతల బ్రేకు పడింది.

ఆయన స్కూటరు మీద పడుతూ లేస్తూ వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు రోడ్డు పక్కన క్షేమంగానే ఉన్నారు. టైరులో వేలెడు మేకుంది. డాక్టరు ఎలాగూ వెళ్ళిపోయాడు. భార్య మొహం తిప్పుకుంది. కూతురు ఒళ్ళో పైపు పెట్టుకుని కూర్చుంది. తిడుతుందని ఆయన ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

"చుక్క గాలి పోలేదు నాన్నా. బాగా బిగించావు," అంది.

పైపుల బాబాయికి జీవితంలో మొదటిసారి మెచ్చుకోలు గొంతు దిగలేదు. వంగి చక్రం మార్చాడు.

మర్నాడే కూతురు స్వయంగా షాపుకెళ్ళి కొత్త సెన్సార్లు పెట్టించింది. అయినా తల్లిని ఎక్కించుకునే ప్రతిసారీ చేత్తో గాలి కొలిచే గేజి పట్టుకుని నాలుగు చక్రాల చుట్టూ తిరుగుతుంది. గుమ్మంలో నిలబడి చూసీ చూసీ ఒకరోజు బాబాయి ఉండబట్టలేక అడిగేశాడు.

"కొత్తవేగా తల్లీ. ఇంకా నమ్మకం లేదా?"

"సెన్సార్ల మీదైతే ఉంది నాన్నా," అని, ఆ పిల్ల వంగి నాలుగో చక్రం చూసుకుంది.