సాన పట్టని కత్తెర

సాన పట్టించుకు రమ్మని దర్జీ అక్క తన కత్తెరను తమ్ముడి చేతికిచ్చింది. వాడికి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతటికీ తెలుసు, అక్కకు తప్ప. సానపట్టే ముసలాయనతో మాటా మాటా పెరిగి, ఆ కత్తెరతోనే ఆయన్ను పొడిచి చంపాడు. ముసలివాడని చూడలేదు, కిందపడ్డాక కూడా వదల్లేదు అంటూ జడ్జి మామూలుగా పడే శిక్షకు మరో పదేళ్లు కలిపాడు.

అప్పటినుంచి అక్క గడప తొక్కేవాళ్లు తగ్గిపోయారు. ఇంట్లో చప్పుడంటే కుట్టుమిషనుదే.

ములాఖత్‌కు వెళ్లినప్పుడు జాలీ అవతలి నుంచి తమ్ముడు ఆమె వేళ్ల మీది గాట్లు చూశాడు.

"బ్లేడుతో గుడ్డలు కోస్తున్నావా? కొత్త కత్తెర కొనుక్కోవచ్చుగా అక్కా!"

"కొన్నాన్రా. అదీ మొద్దుబారింది." ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "సానపట్టే మనిషీ లేడు, తీసుకెళ్లే మనిషీ లేడు."