ఆత్మకూరు సినిమా, ఉదయగిరి స్టేషను

ఆత్మకూరు రేకుల హాల్లో నేను చూసిన మొదటి సినిమా పోలీసుల మీద తీసిన హాస్యం. కొట్టుగదిలో నిద్రపోతున్న పిల్లవాణ్ణి ఎవరో ఎత్తుకుపోయారని పోలీసులు ఊరంతా గాలించి, చివరికి మారువేషంలో ఉన్న తమ ఇన్‌స్పెక్టరునే తాళ్లతో కట్టి తెస్తారు. నాకప్పుడు ఆరేళ్లుంటాయి. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్న పిన్ని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

పిన్నితో మాకు చుట్టరికమేమీ లేదు. ఉదయగిరిలో మా పక్కింట్లో కొయ్య గరిటెలు చెక్కే సాయిబుగారి భార్య. పిల్లల్లేరు. నేను తిన్నా, పడుకున్నా ఎక్కువగా ఆమె దగ్గరే. ఆ రోజు ఆత్మకూరులో వాళ్ల అక్కగారింటికి పోతూ, నన్నూ సినిమాకు తీసుకుపోతానని మా అవ్వను అడిగింది.

"తీసకపో తల్లీ, ఈడుంటే నా ప్రాణం తీస్తాది" అంది అవ్వ.

మా అమ్మకు సినిమా అంటే ఒళ్లుమంట. చేలోంచి వచ్చి నేనెక్కడని అడిగితే, ఆమె నోటికి జడిసి అవ్వ "నేను చూడలే" అనేసింది. నాయన స్టేషనుకు పరుగెత్తాడు. ఇక అవ్వకు నోరు పెగల్లేదు. పొద్దున నన్ను పిన్ని చంకలోంచి అందుకుని బస్సులో కూర్చోబెట్టిన కానిస్టేబులే మధ్యాహ్నమంతా కొండమీద కోటలో నాకోసం వెతికాడట. ఏం చెప్పాలి ఆ మహానుభావుడి గురించి! సాయంత్రానికి ఎవరో నన్ను బురఖా ఆవిడతో బస్సులో చూశామన్నారు.

బస్సు దిగగానే మమ్మల్ని స్టేషనుకు నడిపించారు. నాయన నన్ను లాక్కున్నాడు గానీ, ఆమె మా పక్కింటి మనిషని ఒక్క ముక్క అనలేదు.

"పిల్లని ఎవురికి అమ్మబోయినావు?" అని ఎస్సై గద్దించాడు.

"అవ్వే పొమ్మన్నాది" అని నేను అరిచాను. అప్పుడు నాయన వెంట వచ్చిన అవ్వ ఏడుస్తూ ఒప్పుకుంది.

"అవును సార్, బస్సెక్కించింది నేనే" అన్నాడు కానిస్టేబులు బుర్ర గోక్కుంటూ. స్టేషనంతా ఒకటే నవ్వు. నాయన కూడా నవ్వాడు. పిన్నిని క్షమించమని అడగాలని ఒక్కరికీ తోచలేదు.

ఈ కథ చుట్టాలందరికీ చెప్పి మావాళ్లు ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే, దిగులే. ఆ సినిమాకు పోకపోయినా బాగుండేది.

మర్నాడు ఎప్పట్లాగే పిన్ని గడప ఎక్కి చేతులు చాచాను. ఆమె ఎత్తుకోలేదు. వీధిలోకి పోయి, నలుగురూ వినేట్టు మా అమ్మను కేకేసింది.

"అక్కా, నీ బిడ్డ దానంతటదే వచ్చినాది. నేను ముట్టుకోలేదు, చూసుకో."