పక్క సైటు ఎర్ర దీపం

ఆ ఏడాది జనవరి: వాతావరణ కార్యాలయానికి ఫోన్ చేస్తే పలికే మనిషిని తీసేసి రికార్డు గొంతు పెట్టారు.
ఏప్రిల్: పిడుగుల హెచ్చరిక చందా కట్టిన కంపెనీలకే అన్నారు.
జూలై: ఆ హెచ్చరిక చిన్న కాంట్రాక్టర్లకూ ఇవ్వమని మేము పెట్టుకున్న అర్జీ అందిందని కూడా ఎవరూ తెలియజేయలేదు.

వీటిని అప్పుడే రాసి పెట్టుకున్నాను. మొన్న మా ఊళ్లో ఆంగ్ మో కియో పేటలో మా వయసువాళ్ల కోసం జరిగిన సభలో ఒక వక్త, వాతావరణ సేవ తన ఖర్చు తానే సంపాదించుకోవాలని, దానికి ప్రజల సొమ్ము దండగని చెప్పి కూర్చోగానే, నా మనసు ఒకప్పటి సెంగ్‌కాంగ్ పేటకు వెళ్లిపోయింది.

ఊరంతా కంప్యూటర్ ఉద్యోగాల గురించే మాట్లాడుకునే ఆ రోజుల్లో అక్కడ కొత్త ఫ్లాట్లు లేస్తుండేవి. సరిహద్దు అవతలి జొహోర్ నుంచి వచ్చిన నేను ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్ని. మా బావమరిది పై అంతస్తుల్లో ఇనుప కడ్డీలు కట్టేవాడు. రోజూ ఉదయం వాతావరణ కార్యాలయానికి ఫోన్ చేస్తే, ఎన్నింటిలోపు మనుషుల్ని దింపాలో అవతలి ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. అది పోయాక, చందా కట్టే స్తోమత లేని మాకు పక్కనున్న పెద్ద కంపెనీ సైటే దిక్కయింది. హెచ్చరిక రాగానే వాళ్ల క్రేను మీద ఎర్ర దీపం వెలిగేది. అది చూసి మావాళ్లూ దిగేవారు.

“కట్టేది వాళ్లు, బతికేది మనం లా, బావా,” అని ఇక్కడి యాసలో ఆ ‘లా’ తగిలించి మా బావమరిది నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది, దీపం మాత్రం వెలగలేదు. పక్క సైటువాళ్లు ఆ రోజు ఒంటిపూటకే వెళ్లిపోయారని, దీపం వెలిగించే మనిషే లేడని మాలో ఎవరికీ తట్టలేదు. అయినా మనసొప్పక దిగి రమ్మని కేకేశాను.

“దీపం లేదుగా బావా. ఈ వరసొక్కటి కట్టేసి వస్తా.”

పిడుగు ఆ కడ్డీల మీదే పడింది. మనిషి దక్కాడు గానీ, అతని కుడిచేయి మళ్లీ పనికి రాలేదు. తమ్ముడి మంచం పక్కన కూర్చుని మా ఆవిడ అడిగింది ఒక్కటే: “పక్కవాళ్లకు చెప్పింది మనకెందుకు చెప్పలేదండీ?”

ఇప్పుడు బిషాన్ పేటలో ఉండే మా మనవల ఫోన్లకు ఆ హెచ్చరిక చందా లేకుండా ఊరికే వస్తుంది. ఆట ఆపి, విసుక్కుంటూ లోపలికి వస్తారు. అలా విసుక్కునే భాగ్యం మాకు లేకపోయింది, వాళ్లకేమో అది భాగ్యమని తెలియదు.

కనుక ఆ వక్తను అడుగుతున్నాను: చందా కట్టలేని సైటులో కడ్డీలు కట్టే మనిషికి పిడుగు వస్తోందని ఎవరు చెప్పాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి? దీనికి తమ సంతకంతో లిఖితపూర్వకమైన సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.